నీటిని బట్టి సూటు

(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు "ఆరోగ్యం మీద ఏదైనా నాలుగు మాటలు చెప్పండి సాబ్" అన్నారు. బీపీ గురించి, షుగరు గురించి చెప్పడానికి ఈ సభలో డాక్టర్లే ఉన్నారు. నేను ఇంజనీర్స్‌లో నీళ్ళ పని చేసినవాణ్ణి. ఎరిగినది నీళ్ళు కాబట్టి నీళ్ళ గురించే చెప్తాను.

ఈ మధ్య మనవాళ్ళలో రెండు రకాలవాళ్ళు నన్ను ఒకటే ప్రశ్న అడుగుతున్నారు. ఒకరు సర్వీసులో ఉన్న కుర్రాళ్ళు. ఈత, సైకిలు, పరుగు మూడూ కలిసిన ట్రయాథ్లాన్ పోటీలకు తయారవుతున్నారు. రెండోవారు రిటైరై, కొడుకు దగ్గరికో కూతురి దగ్గరికో ఇంగ్లండు, అమెరికా, ఆస్ట్రేలియా వెళ్ళి ఆర్నెల్లు ఉండి వచ్చేవాళ్ళు. అక్కడ చెరువుల్లో, సముద్రంలో ఈదేవాళ్ళని చూసి వీళ్ళకీ మనసు లాగుతుంది. చిన్నప్పుడు కాలువలో, దిగుడుబావిలో నేర్చుకున్న ఈత ఊరికే పోదు కదా! ఇద్దరూ అడిగేది ఒకటే: "వెట్‌సూట్ కొనాలి, ఏ కంపెనీది మంచిది?"

నా జవాబు ఎప్పుడూ ఎదురు ప్రశ్నే. "ఏ నీళ్ళలో దిగుతావు?" ముందు నీళ్ళు, తరువాత నీ ఒళ్ళు, ఆ తరువాత నీ అవసరం, కంపెనీ పేరు అన్నిటికన్నా ఆఖరున. ఈ వరస తిరగబడితే డబ్బు పోవడమే కాదు, ప్రాణం మీదికి రావచ్చు. ఈరోజు నేను చెప్పదలచుకున్నది ఇంతే. మిగిలినదంతా దీనికి వివరణ.

ముందు ఈ సూటు ఏమిటో చూద్దాం. పేరులోనే ఉంది, ఇది తడిసే సూటు. నీళ్ళు లోపలికి రాకుండా ఆపేది డ్రైసూట్, అది వేరు. రెండో ప్రపంచ యుద్ధంలో నీటి అడుగున పనిచేసిన ఫ్రాగ్‌మెన్ రబ్బరు డ్రైసూట్లు వేసుకునేవారు. చిన్న చిరుగు పడితే చాలు, నీళ్ళు నిండి మనిషి గడ్డకట్టేవాడు. 1950ల మొదట్లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో హ్యూ బ్రాడ్నర్ అనే భౌతిక శాస్త్రవేత్త అమెరికా నేవీ డైవర్ల కోసం ఆలోచిస్తూ ఒక మంచి సంగతి పట్టుకున్నాడు. వెచ్చగా ఉండటానికి పొడిగా ఉండక్కర్లేదు. గుడ్డలోనే గాలి బుడగలు ఉంటే చాలు, అవే చలిని ఆపుతాయి. నియోప్రీన్ అనే నురగ రబ్బరులో సన్నటి బుడగలు కోట్లు ఉంటాయి. మన ఉన్ని రజాయి ఎలా పనిచేస్తుందో ఇదీ అలాగే. ఆ తరువాత శాన్‌ఫ్రాన్సిస్కోలో జాక్ ఓనీల్ లాంటివాళ్ళు సర్ఫింగ్‌వాళ్ళ కోసం దీన్ని అమ్మకంలోకి తెచ్చారు. అంటే సైన్యం అవసరం కోసం పుట్టిన సరుకే ఇవాళ బజారులో దొరుకుతోంది అన్నమాట.

చాలామంది "లోపల చేరిన నీళ్ళు మన ఒంటి వేడికి వేడెక్కి కాపాడతాయి" అనుకుంటారు. అది సగం నిజమే. లోపలి నీటి పొర పల్చగా ఉండాలి, కదలకుండా ఉండాలి. సూటు వదులుగా ఉండి, చెయ్యి వేసిన ప్రతిసారీ పాత నీళ్ళు పోయి కొత్త చల్లనీళ్ళు వస్తుంటే, ఆ సూటు ఎంత ఖరీదైనదైనా ఒకటే. నీరు గాలికన్నా సుమారు 25 రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది. 20 డిగ్రీల గాలిలో చొక్కాతో హాయిగా తిరుగుతాం. 20 డిగ్రీల నీళ్ళలో గంట ఉంటే పళ్ళు టకటక కొట్టుకుంటాయి. పంజాబులో జనవరి తెల్లవారుజామున కాలువలో నడుముల్లోతు దిగి వంతెన పనిచేసిన శాపర్లకు ఈ లెక్క ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇప్పుడు మన నీళ్ళకు వద్దాం. విశాఖ సముద్రం ఏడాదిలో చాలాభాగం 26 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంటుంది. గోవా, చెన్నై అంతే. కృష్ణలోనూ గోదావరిలోనూ ఎండాకాలం నీళ్ళు గోరువెచ్చగా ఉంటాయి. ఈ నీళ్ళలో వెట్‌సూట్ అక్కర్లేదు. అక్కర్లేకపోవడమే కాదు, ప్రమాదం కూడా. ఈదేటప్పుడు ఒంట్లో వేడి పుడుతుంది, అది బయటికి పోవాలి. దాన్ని రబ్బరులో మూటకట్టి లోపలే ఉంచితే వడదెబ్బ నీళ్ళలోనే తగులుతుంది. చుట్టూ నీళ్ళున్నాయి కాబట్టి వడదెబ్బ ఏమిటి అని నవ్వకండి. 2010 అక్టోబరులో యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లోని ఫుజైరాలో 10 కిలోమీటర్ల పోటీలో ఫ్రాన్ క్రిపెన్ అనే అమెరికా ఈతగాడు పోటీ మధ్యలోనే చనిపోయాడు. ఆయన ఒంటి మీద వెట్‌సూట్ లేదు. 26 ఏళ్ళ కుర్రవాడు, జాతీయ స్థాయి ఈతగాడు. ఆ రోజు నీళ్ళు మరీ వేడిగా ఉన్నాయని తోటివాళ్ళు చెప్పారు. నీళ్ళు 31 డిగ్రీలు దాటితే పోటీ పెట్టకూడదని అంతర్జాతీయ ఈత సమాఖ్య నియమం తరువాత వచ్చినదే.

గోవాలో 2019లో ఐరన్‌మ్యాన్ 70.3 పోటీ మొదలైంది. అందులో సముద్రంలో 1.9 కిలోమీటర్లు ఈదాలి. ఆ పోటీల నిబంధన ప్రకారం నీళ్ళు 24.5 డిగ్రీలు దాటితే మామూలు పోటీదారులు వెట్‌సూట్‌తో బహుమతికి పోటీ పడటానికి లేదు. గోవా నీళ్ళు దానికన్నా ఎప్పుడూ వేడే. అంచేత గోవా కోసం వెట్‌సూట్ కొంటున్నాను అన్న తమ్ముడికి నేను చెప్పేది, ఆ డబ్బు మంచి గాగుల్స్ మీదా సైకిలు టైర్ల మీదా పెట్టు అని. ఎండ, జెల్లీచేపలు, ఉప్పు రాపిడి భయమైతే పొడుగు చేతుల పల్చటి లైక్రా చొక్కా చాలు. అదైనా పోటీలో ఒప్పుకుంటారో లేదో ముందే అడిగి తెలుసుకోవాలి.

మరొక మాట. వెట్‌సూట్ తేలుస్తుంది కాబట్టి లైఫ్ జాకెట్ లాంటిదే అనుకునేవాళ్ళున్నారు. కాదు. స్పృహ తప్పిన మనిషి ముఖాన్ని అది పైకి తిప్పదు. విశాఖ బీచిలో అలలు వెనక్కి లాగే చోట అది మనల్ని ఒడ్డుకు తీసుకురాదు. ఈత రానివాడికి సూటు ఈత నేర్పదు.

ఇక చల్లనీళ్ళు. ఇంగ్లండులో మే నెలలో చెరువు నీళ్ళు 12 నుంచి 15 డిగ్రీలే ఉండటం మామూలు. శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర సముద్రం ఎండాకాలంలో కూడా 15 డిగ్రీల దగ్గరే తిరుగుతుంది. పైన ఎండ కాస్తుంటుంది, ఐస్‌క్రీములు తింటుంటారు, మనం మోసపోతాం. అలాంటి నీళ్ళలో ఒక్కసారి దూకితే మొదటి నిమిషంలోనే ఊపిరి ఎగబీలుస్తుంది, గుండె దడదడలాడుతుంది, బీపీ పెరుగుతుంది. దీన్ని కోల్డ్ షాక్ అంటారు. ఆ సమయంలో తల నీళ్ళలో ఉంటే పీల్చేది గాలి కాదు, నీళ్ళు. అది దాటితే తరువాతి పది ఇరవై నిమిషాల్లో చేతులు, వేళ్ళు మొద్దుబారి స్ట్రోకు చెడిపోతుంది. ఒళ్ళంతా చల్లబడే హైపోథెర్మియా ఆ తరువాత వచ్చేది. జనం మూడోదానికి భయపడతారు. మునిగిపోయేది ఎక్కువగా మొదటి రెండింటిలోనే. వెట్‌సూట్ మూడింటినీ తగ్గిస్తుంది, దేన్నీ పూర్తిగా తీసెయ్యదు.

నేను కుర్రాళ్ళకు చెప్పే మోటు లెక్క ఇది. 24 డిగ్రీల పైన సూటు వద్దు. 20 నుంచి 24 మధ్య చలికి ఓర్చుకునేవాడికి అక్కర్లేదు, ఓర్వలేనివాడికి చేతులు లేనిది చాలు. 15 నుంచి 20 మధ్య నిండు చేతులు, నిండు కాళ్ళ సూటు. 15 కన్నా తక్కువైతే సూటుతో పాటు నియోప్రీన్ టోపీ, మేజోళ్ళు, వీలైతే గ్లౌజులు కూడా, ఈదేది కూడా కొద్దిసేపే. 10 కన్నా తక్కువ నీళ్ళు నాలుగు చలికాలాలు అలవాటు పడ్డవాళ్ళకి. పాంగాంగ్ లాంటి లడక్ సరస్సుల ముందు నిలబడి ఫోటో తీసుకోండి, దిగకండి. 4,200 మీటర్ల పైన గాలీ తక్కువ, నీళ్ళూ మంచే.

సూట్లలో రకాలున్నాయి. దుకాణంలో అన్నీ నల్లగానే కనిపిస్తాయి, అక్కడే పొరపాటు పడతారు. డైవింగ్ సూటు మందంగా, 5 నుంచి 7 మిల్లీమీటర్లు, బిరుసుగా ఉంటుంది. అది నీటి అడుగున నెమ్మదిగా కదిలేవాడి కోసం. అది వేసుకుని ఫ్రీస్టైల్ కొడితే భుజాలు పట్టేస్తాయి. సర్ఫింగ్ సూటు బోర్డు మీద నిలబడేవాడి కోసం. పైన గుడ్డ పొర ఉంటుంది, రాపిడికి ఆగుతుంది, కాని నీళ్ళు పీల్చి బరువెక్కుతుంది. ఈత సూటు వేరు. పైభాగం నున్నగా ఉంటుంది, భుజాల దగ్గర ఒకటిన్నర రెండు మిల్లీమీటర్లు, ఛాతీ తొడల దగ్గర మూడు నుంచి ఐదు. చెయ్యి తిరగాల్సిన చోట పల్చన, తేలాల్సిన చోట మందం. ట్రయాథ్లాన్‌లో 5 మిల్లీమీటర్లు దాటిన మందం ఒప్పుకోరు.

మన ఈత తీరు కూడా చూసుకోవాలి. కాళ్ళు కిందికి జారేవాళ్ళకి, అంటే కండ ఎక్కువ ఉన్న మన పరుగు వీరులకు, తొడల దగ్గర మందమున్న సూటు బాగా పనికొస్తుంది. కప్ప ఈత వేసేవాళ్ళకి అదే సూటు కాళ్ళను నీటిపైకి లేపేసి తన్నడానికి నీళ్ళే అందనివ్వదు, మెడ నొప్పి కూడా పెడుతుంది. వాళ్ళు కాళ్ళ దగ్గర పల్చగా ఉన్నది చూసుకోవాలి. మన వయసువాళ్ళలో చాలామంది తల పైకెత్తి కప్ప ఈతే వేస్తాం కాబట్టి ఇది ప్రత్యేకంగా చెప్తున్నాను.

ఇక కొలత. అన్నిటికన్నా ముఖ్యం ఇదే. ఫౌజులో మనకి ఇష్యూ అయిన బూటుకి మన కాలే సరిపెట్టుకున్నాం. క్వార్టర్ మాస్టర్ ఎనిమిది లేదన్నాడు, తొమ్మిది తీసుకుని రెండు జతల మేజోళ్ళు తొడిగాం. వెట్‌సూట్ దగ్గర ఆ సంగతి కుదరదు.

నాకు తెలిసిన ఒక తమ్ముడున్నాడు, నాకన్నా జూనియర్, హవల్దారుగా రిటైరయ్యాడు. కొడుకు ఇంగ్లండులో. పేరు చెప్పను, తనకి ఇష్టముండదు. అక్కడ ఒక దుకాణంలో సూటు అద్దెకు తీసుకున్నాడు. పొడవు చూసి ఇచ్చారు, పొట్ట చూడలేదు. ఎలాగో జిప్పు పెట్టించుకుని చెరువులో దిగాడు. యాభై గజాలు పోయేసరికి ఛాతీ మీద బండ పెట్టినట్టు, గొంతు ఎవరో పట్టుకున్నట్టు అయింది. ఎంత లాగినా ఊపిరి అందలేదు. అదృష్టం బాగుండి పక్కనే కొడుకున్నాడు. వెల్లకిలా తిరిగి, మెడ దగ్గర వేలు పెట్టి సూటు లాగి పట్టుకుని, ఒడ్డుకు చేరాడు. ఆ రాత్రి ఫోనులో నాతో, "అన్నా, గుండెపోటే అనుకున్నాను. మీ వదిన ముఖం కనబడింది" అన్నాడు. మరుసటి రోజు డాక్టరు చూసి గుండె బాగానే ఉందన్నారు. చల్లనీళ్ళు ఒకవైపు, బిగుతు సూటు ఒకవైపు ఛాతీని నొక్కేశాయి. భయం మిగతా పని చేసింది. అతను భయపడే మనిషి కాదు, సియాచిన్‌లో చేసి వచ్చినవాడు. ఊపిరి అందకపోతే ఎవరైనా ఒకటే.

అందుకని ఒడ్డు మీదే పరీక్ష పెట్టండి. పొడవు, బరువు, ఛాతీ, నడుము నాలుగూ కొలిచి ఆ కంపెనీ పట్టికలో చూడండి. ఒక కంపెనీ మీడియం ఇంకో కంపెనీ మీడియం కాదు. ఆడవాళ్ళ సూటు కోత వేరే ఉంటుంది, మగవాళ్ళ చిన్న సైజు వాళ్ళకి సరిపోదు. తొడిగాక మెడ చుట్టూ అంటుకుని ఉండాలి, గొంతు నొక్కకూడదు. నిండా ఊపిరి పీల్చండి, ఛాతీ పూర్తిగా విప్పారాలి. చేతులు రెండూ పైకెత్తండి, భుజాల మీద లాగినట్టుంటే సూటు కాళ్ళ దగ్గర నుంచి ఇంకా పైకి లాక్కోలేదన్నమాట. గజ్జల్లో ఖాళీ ఉండకూడదు. నడుము వెనకాల గుంటలో ఖాళీ ఉంటే అక్కడే నీళ్ళు చేరతాయి. చంకల్లో ముడతలుంటే రాపిడికి చర్మం లేచిపోతుంది. పది నిమిషాలు వేసుకుని తిరగండి. ఒడ్డున కొద్దిగా బిగుతుగా ఉన్నది నీళ్ళలో సరిపోతుంది. ఒడ్డున హాయిగా ఉన్నది నీళ్ళలో సంచి అవుతుంది. ఒడ్డునే ఊపిరాడనిది నీళ్ళలో ఉరితాడే.

తొడగడం కూడా ఒక డ్రిల్లే. గోళ్ళు కత్తిరించుకోవాలి, నున్నటి నియోప్రీన్ గోటికే చిరుగుతుంది. పాదానికి ప్లాస్టిక్ సంచి తొడిగి కాలు దూర్చితే సులువుగా జారుతుంది. చీలమండ నుంచి మొదలుపెట్టి కొద్దికొద్దిగా పైకి తేవాలి. మెడ దగ్గర ఒరుసుకోకుండా రాసుకునేది వెట్‌సూట్‌కి పనికొచ్చే రకమే కావాలి. మామూలు పెట్రోలియం జెల్లీ నియోప్రీన్‌ను పాడుచేస్తుంది. నీళ్ళలో దిగాక ముందు ముఖం తడుపుకోండి, మెడ దగ్గర సూటు లాగి కొన్ని నీళ్ళు లోపలికి పోనివ్వండి, ఊపిరి కుదుటపడేదాకా నిలబడండి. మొదటిసారి ఒడ్డు వెంబడే, కాలు అందే లోతులోనే ఈదండి. కొత్త సూటుతో పోటీ రోజునే దిగడం, జీరోయింగ్ చెయ్యని రైఫిలుతో ఫైరింగుకి పోవడం ఒకటే.

సూటు నలుపు, నీళ్ళు నలుపు. పడవవాడికి మనం కనపడం. నెత్తిన నారింజ రంగు టోపీ, నడుముకి కట్టుకుని వెనకాల లాక్కుపోయే రంగు బుడగ తప్పనిసరి. ఒంటరిగా దిగకూడదు. మనకి బడ్డీ పద్ధతి రిక్రూట్ రోజుల నుంచీ తెలిసిందే.

బీపీ ఉన్నవాళ్ళు, గుండెకు స్టెంట్ పడినవాళ్ళు చల్లనీళ్ళలో దిగేముందు ఈసీహెచ్ఎస్ పాలీక్లినిక్‌లో డాక్టరుగారిని అడగండి. చల్లనీళ్ళు, బిగుతు సూటు, రక్తపోటు కలిస్తే కొందరికి ఈదుతుండగానే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. ఇది మింగిన నీరు కాదు, ఒంట్లోదే. దగ్గు, గురగుర శబ్దం, నురగలో రక్తపు చార కనబడితే వెంటనే బయటికి వచ్చి, సూటు విప్పి, కూర్చుని ఆసుపత్రికి పోవాలి. ఇంకో రౌండు పూర్తిచేద్దాం అనుకోకూడదు.

బయటికి వచ్చాక కూడా పని ఉంది. ఒడ్డెక్కిన తరువాత పది ఇరవై నిమిషాల దాకా ఒంటి లోపలి వేడి ఇంకా తగ్గుతూనే ఉంటుంది. అందుకే కొందరు బాగా ఈది వచ్చి, ఒడ్డు మీద కబుర్లు చెప్తూ వణికి పడిపోతారు. ముందు తడి సూటు తీసి, తుడుచుకుని, పైనుంచి కిందికి పొడి బట్టలు పొరలు పొరలుగా వేసుకోండి. వేడి టీ తాగండి. వెంటనే వేణ్ణీళ్ళ స్నానం వద్దు, కళ్ళు తిరుగుతాయి. వణుకు పూర్తిగా తగ్గేదాకా బండి నడపవద్దు. రమ్ము సంగతి అడగబోతున్నారని తెలుసు. అది ఒళ్ళు వెచ్చబడ్డట్టు అనిపిస్తుంది, నిజానికి వేడిని చర్మంలోకి తెచ్చి బయటికి పోగొడుతుంది. రాత్రి భోజనం దాకా ఆగండి.

కొనడం గురించి. విదేశానికి మూడు నెలలకోసం వెళ్ళేవాళ్ళు కొనవద్దు, అక్కడ అద్దెకు తీసుకోండి, రెండు మూడు సైజులు వేసి చూసి. పాతది కొంటే మెడ దగ్గర పగుళ్ళు, కుట్లు, గోటి చిరుగులు వెలుతురులో పట్టి చూడండి. వాడిన తరువాత మంచినీళ్ళతో కడిగి, లోపలిది బయటికి తిప్పి నీడన ఆరెయ్యండి. ఎండలో వేస్తే రబ్బరు ఎండిపోతుంది. మన నల్ల ట్రంకు పెట్టెలో మడిచి, పైన నాలుగు రజాయిలు పెట్టి మూత వెయ్యకండి. మడత పడిన చోట బుడగలు నలిగి మళ్ళీ లేవవు. వెడల్పాటి హ్యాంగరుకి తగిలించండి.

చివరగా ఒక మాట. "సూటు వేసుకుని ఈదితే అది మగతనమా సాబ్?" అని ఒక కుర్రవాడు అడిగాడు. మిహిర్ సేన్ 1958లో, ఆరతీ సాహా 1959లో ఇంగ్లిష్ చానెల్ ఈదారు, వెట్‌సూట్ లేకుండానే. ఇప్పటికీ చానెల్ ఈత రికార్డుగా లెక్కలోకి రావాలంటే మామూలు ఈత దుస్తులు, టోపీ, గాగుల్స్ మాత్రమే ఉండాలి. మన తెలుగు మహిళ గోలి శ్యామల 2021లో పాక్ జలసంధి ఈదారు. వాళ్ళకు నా శాల్యూట్. కాని వాళ్ళు ఒక్క ఉదయం తెగించి దూకినవాళ్ళు కాదు. నెలలు, ఏళ్ళు నీళ్ళకు ఒళ్ళు అలవాటు చేసుకుని, పక్కన పడవ, పడవలో మనుషులు ఉండగా ఈదినవాళ్ళు. అదే అంతర్జాతీయ ఈత పోటీల్లో నీళ్ళు 18 డిగ్రీలకన్నా తక్కువైతే సూటు వేసుకుని తీరాలని 2017 నుంచి నియమం ఉంది. ప్రపంచ ఛాంపియన్లే వేసుకుంటున్నారు. మనకేం నామోషీ?

ఫౌజులో మనకి నేర్పినది జోష్ ఒక్కటే కాదు, హోష్ కూడా. చలిప్రదేశానికి పోతే స్నో బూట్లు, ఎడారికి పోతే వేరే బూట్లు. నేల చూసి సామాను కట్టుకున్నవాళ్ళం, నీళ్ళు చూసి సూటు కట్టుకోలేమా? థర్మామీటరు ఒకటి కొనండి, సూటు కన్నా అది చవక. ముందు దాన్ని నీళ్ళలో ముంచండి, ఆ తరువాతే మీరు మునగండి.